ఇంటిపనికి మేస్త్రీని ఎంచుకొనుట: ఫోనులోని సాక్ష్యములను విచారించు విధము

పంట యింటికి వచ్చి చేతిలో నాలుగు డబ్బులు నిలిచిన యేడు రైతునకు మొదట తోచు పని యిల్లు. పాత పెంకుటింటిని దింపి స్లాబు వేయవలెనని కొందఱు, ఉన్న మిద్దెపై మఱియొక గది లేపవలెనని కొందఱు, ధాన్యము కొఱకు రేకుల షెడ్డు వేయవలెనని కొందఱు తలపెట్టుదురు. విత్తనము చెడిన ఒక కారు పంట పోవును. ఇల్లు చెడిన పది పంటల కూడబెట్టు పోవును. దానిపై తెచ్చిన అప్పు మాత్రము నిలిచియుండును. ఇట్టి పనిని ఎవరి చేతికి అప్పగింపవలెనను ప్రశ్నకు మన సభ్యులలో పెక్కుమంది ఒక్క సాయంకాలములో సమాధానము చెప్పుకొనుచున్నారు. విత్తనపు బస్తాకు నాలుగు అంగళ్లు తిరుగు రైతే ఇంటికి ఒక్క మేస్త్రీతో మాటాడి బయానా ఇచ్చుట నేను తఱచు చూచుచున్నాను.

పూర్వము మేస్త్రీని గూర్చి ఊరిలో విచారించెడివారము. ఇప్పుడు చదువుకొన్న పిల్లలు ఫోను తీసి చూపుచున్నారు. గూగుల్ పటములో గాని, జస్ట్‌డయల్ వంటి సూచికలలో గాని ఇండ్లు కట్టు గుత్తదారులను వెదకిన, సమీప పట్టణమునందలి వారి పేర్లును, పేరు ప్రక్క ఒకటి మొదలు ఐదు వఱకు నక్షత్రములును, వాని క్రింద పని చేయించుకొన్నవారు వ్రాసిన మాటలును కనబడును. వీనిని రివ్యూలందురు. నేనిచ్చట సాక్ష్యములని వ్యవహరించెదను. పంచాయతిలో సాక్షిని ఎట్లు ప్రశ్నింతుమో వీనినిగూడ అట్లే ప్రశ్నింపవలెను గాని, అచ్చులో కనబడినది గదా యని నమ్మరాదు. ఎవరో ముక్కు మొగము తెలియనివారు వ్రాసినది గదా యని త్రోసివేయను రాదు.

ఈ పద్ధతి పుట్టిన కథ సహకార సంఘములవారికి వినదగినది. 1995వ సంవత్సరమున అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు కొలంబస్ నగరమందు ఆంజీ హిక్స్ అను యువతి, విలియం ఓస్టర్లీ అను నాతనితో కలిసి, ఇరుగుపొరుగు వారి సంఘము వంటి దానిని ఆరంభించెను. ఆమె ఇంటింటికి తిరిగి చందాదారులను చేర్చెను. తాపీపని, వడ్రంగము, నీటిగొట్టముల పని మొదలైనవి చేయించుకొన్న సభ్యులు తమ అనుభవమును తెలుపగా వ్రాసి యుంచి, మఱియొక సభ్యుడు ఫోను చేసి అడిగినపుడు చదివి వినిపించెడివారు. అదియే పిమ్మట ఆంజీస్ లిస్ట్ అను పేరున అంతర్జాలమునకు ఎక్కి దేశమంతట వ్యాపించెను. మొదట చదువరుల చందాయే దానికి ఆధారము. కొంతకాలమునకు పనివారు ఇచ్చు ప్రకటనల సొమ్మును ఆదాయమయ్యెను. 2016లో చదువరుల చందా తీసివేయబడెను. 2021లో పేరును ఆంజీ యని మార్చిరి.

ఇంతదూరపు సంగతి చెప్పుటకు కారణము కలదు. సాక్ష్యపు పుస్తకమును ఎవరి సొమ్ము నడుపుచున్నదను ప్రశ్న మొదట అడుగవలసినది. ఇప్పుడు మనకు ఉచితముగా దొరకు సూచికలకు ఖర్చులు లేకపోలేదు. వానిలో కొన్నిట సొమ్ము చెల్లించిన గుత్తదారు పేరు పైకి వచ్చును. చెల్లింపనివాని పేరు అడుగున పడును. కావున మొదట కనబడినవాడు మొదటి తరగతి పనివాడని తలంపరాదు. మఱియు కొన్నిట మీ ఫోను సంఖ్యను వ్రాసిన గంటలోనే నలుగురైదుగురు గుత్తదారులు వరుసగా పిలుచుట కలదు. వారు సాక్ష్యములను బట్టి వచ్చినవారు కారు. మీ సంఖ్య వారికి అందినందున వచ్చినవారు.

దొంగ సాక్ష్యము లోకమంతట నున్నది. అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దొంగ సాక్ష్యములను కొనుటయు అమ్ముటయు నిషేధించు నియమమును 2024లో చేసెను. మన దేశమున భారతీయ ప్రమాణముల సంస్థ 2022 నవంబరులో ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరించెను. సాక్ష్యము వ్రాయువాడు నిజమైన మనుష్యుడేనా యని సూచిక నడుపువారు విచారింపవలెననియు, వ్రాసినదానిని తమ యిష్టము వచ్చినట్లు దిద్దరాదనియు అందు చెప్పబడినది. అయితే అది స్వచ్ఛందముగా పాటింపుడని వెలువడిన ప్రమాణము. కనుక విచారణభారము చదువరి మీదనే యున్నది.

ఆ విచారణ ఎట్లనగా, మొదట నక్షత్రముల సగటును ప్రక్కన పెట్టి, ఎంతమంది వ్రాసిరో చూడుడు. పదునొకండుమంది వ్రాసిన చోట పదిమంది బంధుమిత్రులు ఐదేసి నక్షత్రములు వేసి, నిజముగా ఇల్లు కట్టించుకొన్న ఒక్కడు ఒక్క నక్షత్రము వేసెననుకొందము. సగటు 4.6 వచ్చును. చూచువానికి అది గొప్ప పేరు. నూటయేబదిమంది వ్రాయగా 4.2 వచ్చినవాడు దీనికంటె తక్కువవాడుగా కనబడును. కాని రెండవవానిని గూర్చి మనకు తెలియవచ్చినది మొదటివానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ.

తరువాత తేదీలు చూడుడు. గూగుల్ పటములో సాక్ష్యములను క్రొత్తవి ముందు వచ్చునట్లును, తక్కువ నక్షత్రములవి ముందు వచ్చునట్లును అమర్చుకొను వీలు కలదు, పిల్లలు చూపగలరు. ఏడాదిపొడుగున ఒకటి రెండు వచ్చుచుండిన చోట ఒక్క వారములో ఇరువది వచ్చిపడిన, కారణ మూహింపవచ్చును. వ్రాసినవాని పేరుపై నొక్కిన అతడు ఇతరత్ర ఏమేమి వ్రాసెనో కనబడును. ఆ ఒక్కటి తప్ప జన్మలో మఱియొక సాక్ష్యము వ్రాయనివాడు తప్పక దొంగ యని కాదు. మన రైతులలో పెక్కుమంది అట్టివారే యగుదురు. అయితే అట్టివారే పదిమంది, అవే మాటలతో, అదే వారమున వ్రాసిన సందేహింపవలెను. ఒకే దినమున హైదరాబాదులో పెండ్లిమంటపమును, చెన్నపట్టణమున దంతవైద్యుని, మన తాలూకాలో మేస్త్రీని మెచ్చుకొన్నవాడు మఱింత సందేహింపదగినవాడు.

అన్నిటికంటె ముఖ్యమైనది మాటలలోని సారము. పోలిక కొఱకు రెండు మచ్చులను నేనే కల్పించి చూపుచున్నాను. “చాలా మంచి పని, చాలా మంచి మనుషులు, అందఱికిని వీరినే సిఫారసు చేయుచున్నాను” అనునది ఒకటి. “రెండు గదులు, ఒక వరండా. ఐదు మాసములలో ముగింతునని ఎనిమిది మాసములు చేసినాడు. గోడలు తిన్నగా నున్నవి. మరుగుదొడ్డి వెలుపలి గోడకు మొదటి వానలలో చెమ్మ వచ్చినది, పిలువగా పది దినములకు వచ్చి బాగుచేసినాడు, సొమ్ము అడుగలేదు” అనునది రెండవది. మొదటిదానికి ఐదు నక్షత్రములు, రెండవదానికి మూడే యుండవచ్చును. నేనైన రెండవ మేస్త్రీ యింటికే పోదును. ఆలస్యము చేయు స్వభావము అతనికి కలదు. లోపము వచ్చిన మొగము దాచుకొనువాడు కాడు. ఈ రెండును మనకు ముందు తెలిసినవి. మొదటి సాక్ష్యమువలన తెలిసినది ఏమియు లేదు. ఈ కారణముచేతనే రెండు మూడు నక్షత్రముల సాక్ష్యములను ముందు చదువుడని చెప్పుచున్నాను. కోపముతో వ్రాసినవాడు ఒకటి వేయును, మొగమాటముతో వ్రాసినవాడు ఐదు వేయును. నడుమ నున్నవాడు తఱచుగా ఆలోచించి వ్రాసినవాడు. ఒక్క నక్షత్రపు నిందకు గుత్తదారు క్రింద ఏమని బదులు వ్రాసెనో అదియు చదువుడు. తిట్టినవానిని తిరుగ తిట్టినవాడు రేపు మీతోను అట్లే మాటాడును.

మఱియొక సంగతి సూచికలయందు ఎవరును చెప్పరు. సాక్ష్యములలో పెక్కు గృహప్రవేశపు వారములో వ్రాయబడునవి. సున్నము తడియారలేదు, మామిడితోరణము వాడలేదు; ఇల్లు అద్దమువలె నున్నది; ఇంటివాడు సంతోషమున ఐదు నక్షత్రములు వేసినాడు. కాని ఇంటికి పరీక్ష వానకాలము. స్లాబు కారుట, కిటికీ మూలల పగుళ్లు, గోడ అడుగున చెమ్మ ఎగబ్రాకుట, గచ్చు క్రుంగుట, ఇవన్నియు ఒక వర్షకాలము గడచిన పిదపనే బయటపడును. నైరుతి వానలు తెరపియిచ్చి, కోస్తా జిల్లాలలో తుపానుల కాలము గూడ దాటిన తరువాత వ్రాసిన ఒక్క సాక్ష్యము గృహప్రవేశపు సాక్ష్యములు పదింటికి సమానము. కావున పని ఎప్పుడు ముగిసినది, సాక్ష్యము ఎప్పుడు వ్రాసినది అను రెండు తేదీలను వెదకుడు. మొదట వ్రాసినదానిని ఏడాది తరువాత తెఱచి దిద్దుటకు గూగుల్ పటములో వీలున్నది. అట్లు దిద్దినవాని మాటకు ఎక్కువ విలువ నీయవచ్చును.

ఇక పల్లెటూరి సంగతి వేఱు. మన ఊళ్లలో ఇండ్లు కట్టు మేస్త్రీలలో అనేకుల పేర్లు ఏ సూచికలోను లేవు. వారిలో ఇరువది ముప్పది యేండ్లుగా చక్కని గోడలు లేపుచున్నవారు గలరు. నక్షత్రములు లేవని అట్టివానిని విడిచి, పట్టణమునుండి రంగుల బొమ్మలు చూపినవానిని తెచ్చుకొనుట అన్యాయమే గాక నష్టముగూడ. ఫోనులోని బొమ్మలు ఆతడు కట్టినవో, మఱియొకచోటినుండి ఎత్తి పెట్టినవో తెలియదు. ఊరిమేస్త్రీ కట్టినది మాత్రము నడచిపోయి తాకి చూడదగినట్టిది.

అట్లని ఊరి సాక్ష్యము నిష్కళంకమని నేననను. ఫోనులో వ్రాయువానికి బాధ్యత లేదు. ఊరిలో చెప్పువానికి మొగమాటము మెండు. మేస్త్రీ అతని బావమఱదికి పాలివాడై యుండును, లేక రేపు ప్రహరీగోడకు మరల పిలువవలసియుండును. “మనవాడు మంచివాడేనా?” యని అడిగిన “మంచివాడే” యని తప్ప మఱియొక మాట రాదు. కనుక గుణమును అడుగక లెక్క అడుగుడు. మొదట చెప్పిన ధర ఎంత, చివరకు అయినది ఎంత? ఎన్ని దినములు పని నిలిచిపోయెను, ఎందుకు? స్లాబుకు ఎన్ని బస్తాల సిమెంటు పట్టెను? పని ముగిసిన పిదప పిలిచిన ఎన్నినాళ్లకు వచ్చెను? ఇట్టి ప్రశ్నలకు మొగమాటము అడ్డురాదు, ఏలయన లెక్క చెప్పుట నింద గాదు. ఈ ప్రశ్నలు ఇంటి యిల్లాలిని అడిగినయెడల మఱింత మేలు; ఏ గోడకు చెమ్మ వచ్చుచున్నదో, ఏ కుళాయి నీరు ఎటు పారుచున్నదో ఆమెకు తెలిసినట్లు యజమానికి తెలియదు.

పేర్లు రెండు మూడు నిలిచిన పిమ్మట వారు కట్టిన ఇండ్లకు పోవలెను. కనీసము ఒకటి రెండేండ్ల పాతది, మఱియొకటి ఇప్పుడు కట్టుచున్నది. పాత యింటిలో స్లాబు అడుగున గోధుమరంగు మఱకలును, ఊచలు త్రుప్పుపట్టి పెచ్చులూడిన చోట్లును చూడుడు. స్నానపు గది వెలుపలి గోడను చేతితో తాకుడు. మెట్లు ఎక్కుడు, ఒక మెట్టు ఎత్తు, ఒక మెట్టు పల్లముగా కాలికి తగిలిన, ఆ మేస్త్రీకి కొలత బద్ధకమని తెలియును. కట్టుచున్న యింటిలో మేస్త్రీని గాక కూలివారిని చూడుడు. ఇటుకలను తడిపి పెట్టుచున్నారా? కంకరకలుపులో నీరు కొలిచి పోయుచున్నారా, గొట్టముతో ఇష్టము వచ్చినట్లు పోయుచున్నారా? నీరు ఎక్కువైన పోత సులువగును, బలము తగ్గును. భారతీయ ప్రమాణము ప్రకారము 1:1½:3 పాళ్ల కలుపునకు 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లకు మించి నీరు పోయరాదు.

విత్తనపు బస్తామీద మొలకశాతము అచ్చువేసి యుండును. ధృవీకృత వరివిత్తనమునకు నూటికి 80 మొలవవలెనని నియమము. అట్లున్నను తడిగోనెలో నూరు గింజలు పోసి మొలకెత్తించి చూడుడని నేను ప్రతి కారుకు చెప్పుచునే యుందును. సాక్ష్యము చీటి వంటిది. మొలక చూచుకొనుట మన పని. మేస్త్రీ ఎంత పేరు గన్నవాడైనను మీ యింటిలో ఏమి చేయుచున్నాడో కొన్ని లెక్కలవలన తెలిసికొనవచ్చును.

ఉదాహరణకు, 800 చదరపుటడుగుల స్లాబు 5 అంగుళముల మందమున వేయుదురనుకొనుడు. పోత 333 ఘనపుటడుగులు, అనగా సుమారు తొమ్మిదిన్నర ఘనమీటర్లు. పై చెప్పిన 1:1½:3 పాళ్లలో ఘనమీటరునకు ఇంచుమించు 8 బస్తాల సిమెంటు పట్టును. మొత్తము 75 బస్తాలు. దూలముల లెక్క వేఱు. 1:2:4 పాళ్లకు దిగిన 60 బస్తాలతో సరిపోవును. ఈ పదునైదు బస్తాల తేడా స్లాబు ఆరిన పిదప కంటికి కనబడదు. ఏ సాక్ష్యములోను వ్రాయబడదు. స్లాబు వేసిన సాయంకాలము ఖాళీ బస్తాలను మీరే ఎంచి కట్టకట్టి యుంచుడు. బస్తాపై తయారైన వారమును సంవత్సరమును అచ్చువేసి యుండును. మూడు మాసములు దాటినదానిని పరీక్షింపక వాడనీయకుడు. స్లాబుపై మడి కట్టి నీరు నిలుపుట రైతునకు నేర్పవలసిన పని కాదు. ఇప్పుడు విరివిగా దొరకు, బూడిద కలిసిన సిమెంటునకు కనీసము 10 దినములు, వీలైన 14 దినములు తడి యారకుండ చూడవలెను. ఈ పనిని మేస్త్రీకి వదలక మీరే పెట్టుకొనుట మంచిది.

సొమ్ము విషయములో ఎంత సాక్ష్యమున్నను ఎవరిని నమ్మి ముందుగా పెద్ద మొత్తము ఇయ్యరాదు. ప్రభుత్వ గృహపథకములలో సహాయము విడతలుగానే వచ్చును, పని జరిగిన మేరకే వచ్చును. మనమును ఆ పద్ధతినే అనుసరింపవచ్చును. పునాది ముగిసినపుడు ఇంత, గోడలు లేచినపుడు ఇంత, స్లాబునకు ఇంత, పూతలకు ఇంత యని ముందే వ్రాసికొనుడు. ప్రభుత్వ కట్టడములలో కొంత సొమ్మును తరువాతి కాలమునకు నిలుపుకొను ఆచారము కలదు. సామానుతో గుత్త పట్టిన పెద్ద గుత్తదారుతో మొదటి వానకాలము వఱకు కొంత నిలుపుటకు ఒప్పించుకొనవచ్చును. కూలిగుత్త మాత్రము పట్టిన ఊరిమేస్త్రీ వారము వారము కూలివారికి చెల్లింపవలసినవాడు. అతని సొమ్ము నిలిపిన పని నిలుచును, కూలివారు పస్తుందురు. అతనితో ఆ బేరము తగదు.

మొగము చూడనివానికి, ఫోనులో పేరు చూచినంత మాత్రమున, ఫోను ద్వారా బయానా పంపరాదు. సూచికలో నున్న సంఖ్యను సైతము మోసగాండ్రు మార్చుట జరిగినది. మనకు సొమ్ము రావలసినపుడు రహస్యసంఖ్య నొక్కనక్కఱలేదని ఇంటిలోని పెద్దలకు గూడ చెప్పి యుంచుడు. సొమ్ము పోయినచో ఆలసింపక 1930 సంఖ్యకు తెలుపవలెను.

ఒప్పందము ముద్రకాగితముపై వ్రాయించుకొని, ఇచ్చిన ప్రతి విడతకు రసీదు తీసికొనుడు. ఇంటి నిర్మాణము 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టమున సేవగా లెక్కింపబడినది. పని చెడినను, సొమ్ము తీసికొని విడిచిపోయినను జిల్లా వినియోగదారుల కమిషనునకు రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. 1915 సంఖ్యకు ఫోను చేసిన త్రోవ చెప్పుదురు. అయితే అచ్చట నక్షత్రములు చెల్లవు; కాగితము చెల్లును.

ఇంతవఱకు ఇతరుల సాక్ష్యములను చదువుట చెప్పితిని. మన సభ్యులు తాము వ్రాయుట బహు తక్కువ. ఇల్లు కట్టించుకొన్నవారు వాన గడచిన పిదప నాలుగు వాక్యములు వ్రాసిన ప్రక్క ఊరి రైతునకు మేలగును. ఊరు, పని, కొలత, ఒప్పుకొన్న ధర, అయిన ధర, పట్టిన మాసములు, బయటపడిన లోపము, దానిని బాగుచేసినది లేనిది: ఇంతే చాలును. చూచినది మాత్రమే వ్రాయవలెను. “దొంగ” యని వ్రాయుటకంటె “చెప్పిన 75 బస్తాలకు 58 ఖాళీ బస్తాలు ఎంచితిని” యని వ్రాయుట బలమైన మాట, తగవునకు దూరమైన మాటయు.

ఫోను వాడనివారి కొఱకు సంఘ కార్యాలయములో ఒక పుస్తకము పెట్టుట కష్టము కాదు. మేస్త్రీకి ఒక పుట. పై చెప్పిన గడులు గీసి, ఇల్లు కట్టించుకొన్న సభ్యుని సంతకము గాని వేలిముద్ర గాని తీసికొని, గృహప్రవేశమున కాక సంక్రాంతి తరువాత వ్రాయింపవలెను. అదే పుటలో క్రింద కొంత చోటు మేస్త్రీకి విడువవలెను. తన్ను గూర్చి వ్రాసినదానికి అతడు చెప్పుకొనునది యుండిన, సంఘ గుమాస్తా ఎదుట తన చేతితోనే వ్రాసికొనును.